మారా నది ఒడ్డున సింగపూర్ వర్జ్యం

ఆఫ్రికాను నేను పదకొండేళ్లపాటు చూడకుండానే అమ్మాను. నవ్వకండి. కొత్తగా ట్రావెల్ ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈపాటికి మీరూ చూడని ఊళ్లు నాలుగైదు అమ్మే ఉంటారు.

సింగపూర్‌లో పాయా లేబర్ స్టేషన్‌లో ట్రైన్ దిగి రోడ్డు దాటితే ఒక పాత బిల్డింగు, అందులో మూడో అంతస్తులో మా ఆఫీసు. కిటికీ పక్కన బల్లలన్నీ జపాన్, కొరియా, యూరప్ చూసేవాళ్లవి. ఫొటోకాపీ మిషను పక్కన ఏసీ సరిగ్గా తగలని మూల బల్ల నాది. దాని మీద "ఆఫ్రికా" అని చిన్న బోర్డు, ఒక చెక్క జిరాఫీ ఉండేవి. ఆ జిరాఫీ కూడా లిటిల్ ఇండియాలో కొన్నదే.

నేను అమ్మింది ఎక్కువగా కెన్యా. నకురు సరస్సు ఒడ్డున ఫ్లెమింగోలు, ఖడ్గమృగాలు. అంబోసెలిలో ఏనుగుల మందలు, వాటి వెనక మంచు కప్పుకున్న కొండ. మసాయి మారాలో సింహాలు. ఏ పార్కు గేటు ఎన్నింటికి తీస్తారో, ఏ క్యాంపులో వేడినీళ్లు ఎప్పుడొస్తాయో, ఏ దారిలో నడుములు విరుగుతాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. విరిగే నడుములు మాత్రం కస్టమర్లవి.

అన్నిటికంటే పెద్ద ఆకర్షణ మారా నది దాటడం. వైల్డ్‌బీస్ట్ అనే జంతువులు, గడ్డం ఉన్న బక్క దున్నపోతుల్లా ఉంటాయి, వాన పడిన చోట పచ్చిక కోసం ఏడాదంతా తిరుగుతూనే ఉంటాయి. దారిలో మారా నది అడ్డం వస్తుంది. నదిలో మొసళ్లు. ఒడ్డున గంటలకొద్దీ తటపటాయించి, ఒక్కటి దూకితే చాలు, వేలకు వేలు దాని వెనక దూకేస్తాయి. ఎప్పుడు దూకుతాయో వాటికే తెలియదు. అందుకే మా ఇంగ్లీషు బ్రోచర్లలో ఎప్పుడూ ఒకటే మాట ఉండేది, "చూసే అవకాశం ఉంది" అని. ఆ "అవకాశం" అన్న మాటే మా ఉద్యోగాలను కాపాడుతూ వచ్చింది.

కోవిడ్ తగ్గి విమానాలు మళ్లీ నిండుతున్న రోజులవి. మా బాస్ చైనీస్ ఆవిడ, నాకంటే నాలుగేళ్లు చిన్నది, నాకంటే పది రెట్లు తొందర మనిషి. "మీ తెలుగువాళ్లు ఇంతమంది ఉన్నారు కదా, ఉగాది ఫంక్షన్‌లో పంచడానికి మీ భాషలో ఒక పాంఫ్లెట్ రాయి, లా" అంది, సింగపూర్‌లో అందరూ అన్నట్టే మాట చివర "లా" తగిలించి. ఇంకేం, నాకు పూనకం వచ్చింది. తెనాలిలో డిగ్రీ చదివేటప్పుడు వ్యాసరచన పోటీల్లో ప్రైజులు కొట్టిన చెయ్యి ఇది. రెండు రోజులు కూర్చుని రాశాను. చివరి వాక్యం ఇది: "వేలాది జంతువులు ఒక్కసారిగా నదిలోకి దూకే ఆ మహాదృశ్యాన్ని మీరు తప్పక చూస్తారు."

ఇంగ్లీషులో అయితే బాస్ ఆ మాట దగ్గర ఎర్ర గీత పెట్టేది. తెలుగు ఆవిడకు రాదు. ఆఫీసులో ఇంకెవరికీ రాదు. "అక్షరాలు గుండ్రంగా బాగున్నాయి" అని మెచ్చుకుని ప్రింటుకు పంపేసింది.

ఉగాది అయిన వారానికి ఒకావిడ ఆఫీసుకు వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. నూలు చీర, కాళ్లకు స్పోర్ట్స్ షూ, చేతిలో నా పాంఫ్లెట్. సొంతూరు అనంతపురం దగ్గర, అక్కడి గవర్నమెంటు స్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరై, హౌగాంగ్‌లో కూతురి దగ్గర ఉంటోందట. కూర్చోకముందే అడిగింది.

"ఏమ్మా, ఇది రాసింది నువ్వేనా?"

"నేనేనండీ."

"బాగా రాసినావు. ముప్పై ఏండ్లకు పైన ఈ జీవాల వలసల పాఠం చెప్పినా. బోర్డు మీద బాణాలు గీసి గీసి చెయ్యి నొప్పి పుట్టింది గానీ, ఒక్క జంతువును చూసిన పాపాన పోలేదు. నువ్వేమో తప్పక చూస్తారని రాసినావు. డాక్టరు మోకాళ్లకు ఆపరేషన్ చెయ్యల్లంటాండాడు. అందుకు ముందే పోయొస్తా."

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. అటుగా వెళ్తున్న బాస్‌ను పిలిచి, పాంఫ్లెట్ మీద వేలు పెట్టి, స్పష్టమైన ఇంగ్లీషులో "ఈ గ్యారంటీ మీ కంపెనీదే కదా?" అని అడిగింది.

"గ్యారంటీ? ఏం గ్యారంటీ?" అంది బాస్.

వాక్యం మొత్తం ఇంగ్లీషులో చెప్పక తప్పలేదు. బాస్ ఆ టీచర్ గారి ముందు నవ్వుతూనే తల ఊపింది. టీచర్ గారు లిఫ్టు ఎక్కగానే బాస్ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"జంతువులకు నువ్వు అపాయింట్‌మెంట్ ఇచ్చావా?"

"సారీ..."

"సారీ వద్దు. గ్యారంటీ ఇచ్చింది నువ్వు, నువ్వే వెళ్లు. చూపించి తీసుకురా. కంప్లైంట్ వచ్చిందా, ఈ ఆఫ్రికా డెస్క్ క్లోజ్. వుడ్‌ల్యాండ్స్ బ్రాంచిలో కోచ్ టికెట్ల కౌంటర్ ఖాళీగా ఉంది, అక్కడ కూర్చో."

సరిహద్దు దాటి మలేషియాలోని జొహోర్ వెళ్లే బస్సులకు టికెట్లు కొట్టడం తప్పుడు పనేమీ కాదు. కానీ పదకొండేళ్లు పెంచుకున్న బల్ల నాది. ఆఫ్రికా అనే మాట మీద నాకు మమకారం పుట్టిపోయింది.

ఆ శనివారం నిజం చెప్పేద్దామనే హౌగాంగ్‌లో టీచర్ గారి ఫ్లాట్‌కు వెళ్లాను. గ్యారంటీ ఏమీ లేదండీ, అవకాశం మాత్రమే ఉంది, అని దారంతా బస్సులో మాటలు కూర్చుకున్నాను. వెళ్లేసరికి డైనింగ్ టేబుల్ మీద ఆఫ్రికా మ్యాపు పరిచి ఉంది. దాని మీద ఎర్ర పెన్సిల్‌తో ఒకటే బాణం, కింది నుంచి పైకి.

"మా తట్టు వానల్లేని ఏడు బడిలో సగం బెంచీలు ఖాళీ" అంటూ మొదలుపెట్టింది. "అమ్మానాయనలు బెంగుళూరికి పనులకు పోతా పిల్లోళ్లను గూడా తీస్కపోతారు. ఒకపారి నేను ఈ పాఠం చెప్తా బోర్డు మీద బాణం గీస్తే, ముందు బెంచీలో పాప లేసి అడిగింది, 'పోయినవి మళ్లా తిరిగొస్తాయా టీచర్?' అని. వస్తాయి అని చెప్పినా. పుస్తకంలో అట్లే ఉండాది గదా. పై వారం ఆ పాప వాళ్లూ బెంగుళూరికి పాయిరి. మళ్ల బడికి రాలేదు. చూడనిదాన్ని చూసినట్ల చెప్పినానే అని నాకు ఇప్పటికీ మనసులో ముల్లు."

చూడనిదాన్ని చూసినట్టు చెప్పడం. పదకొండేళ్లుగా నా ఉద్యోగమే అది. గ్యారంటీ మాట ఎత్తకుండానే కాఫీ తాగి, ఎల్లో ఫీవర్ టీకా గురించి డాక్టర్ని ఎప్పుడు కలవాలో చెప్పి వచ్చేశాను.

చివరికి గ్రూపు ఆరుగురైంది. టీచర్ గారు. బ్యాంకులో పని చేసి రిటైరైన కరీంనగర్ అంకుల్, ఆయన భార్య. ఐటీలో పని చేసే ఒక జంట, వాళ్ల పదమూడేళ్ల అమ్మాయి. నాతో కలిపితే ఏడుగురం, సరిగ్గా ఒక వ్యాను.

బయల్దేరే ముందు ఆదివారం హౌగాంగ్‌లో బ్లాకు కింద కాఫీ షాపులో అందర్నీ కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పాను. అన్నిటికంటే ముందు చెప్పింది ప్లాస్టిక్ గురించి. కెన్యాలో ప్లాస్టిక్ కవర్లు నిషేధం, మనవాళ్లేమో పచ్చడి సీసాకు కవరు, ఆ కవరుకు ఇంకో కవరు చుట్టకపోతే నిద్రపోరు.

"మరి పచ్చళ్లెట్ల తీస్కపోవాలె?" అంది అంకుల్ భార్య కంగారుగా.

"స్టీలు డబ్బాల్లో ఆంటీ. గుడ్డతో కట్టండి."

"పులిహోర గుజ్జు గూడ?"

"అది కూడా."

అంకుల్ మాత్రం ఒకటే అడిగాడు. "పంచాంగం బుక్కు పట్టుకరావాల్నా? ఫోన్ల ఉన్నది, సాల్తదా?" ఫోన్‌లో ఉంటే చాలు, బరువు తగ్గుతుందన్నాను. ఆ సలహా ఇచ్చింది నేనే.

నైరోబీలో దిగాం. మా డ్రైవరూ గైడూ ఒక్కడే, నా వయసువాడు, అడిగితే తప్ప మాట్లాడని మనిషి. నకురు దారిలో రోడ్డు పక్కన తుమ్మచెట్ల మీదుగా ఒక తల పైకి లేచింది. జిరాఫీ. వ్యాను ఆగింది. అది మమ్మల్ని చూసింది, ఆకు నమిలింది, మళ్లీ చూసింది. నేను పదకొండేళ్లుగా ఫొటోలు అతికించి అమ్మిన ప్రాణి ఇంత ఎత్తు ఉంటుందని నాకు నిజంగా తెలియదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్క సీట్లో టీచర్ గారు జిరాఫీని వదిలేసి నన్ను చూస్తోంది.

"నీకూ ఇదే మొదటిసారి గదా?"

దొరికిపోయాను. తల ఊపాను. తిడుతుందనుకుంటే, నా చెయ్యి పట్టుకుని పడీపడీ నవ్వింది. "పోనీలే. ఇద్దరం ఒక క్లాసే" అంది.

మారాలో మాకు రెండు పూర్తి రోజులున్నాయి. మొదటి రోజు తెల్లవారుజామున అయిదుంపావుకే టీ తాగి అందరం వ్యాను దగ్గర నిలబడ్డాం. మంద నది ఒడ్డుకు చేరిందని నిన్న సాయంత్రమే కబురు వచ్చిందని డ్రైవరు చెప్పాడు. అప్పుడు అంకుల్ ఫోను తీశాడు.

"గిప్పుడు బయలెల్లద్దు బిడ్డా. అయిదు నలభైకి వర్జ్యం మొదలైతది. మనం గేటు దాటేలోపే పడ్తది. ఏడుంపావు దాంక ఆగుదాం."

"ఈయనతోని నలభై ఏండ్ల సంది ఇదే లొల్లి" అంది భార్య, కానీ తనూ వ్యాను ఎక్కలేదు.

"ఆంటీ, వై వెయిట్? యానిమల్స్ ఎక్కడ వర్జ్యం చూస్తాయి, లా" అంది ఐటీ వాళ్లమ్మాయి నాతో. వాళ్లమ్మ దాని చెయ్యి గిల్లింది.

అందరూ నా వైపు చూశారు. లీడర్ని నేను కదా. వెళ్దాం పదండి అనాల్సింది. అనలేదు. గ్యారంటీ అనే బండరాయి నెత్తిన ఉన్నప్పుడు వర్జ్యంలో అడుగు బయట పెట్టాలంటే నాకే భయం వేసింది. "ఆగుదాం అంకుల్" అన్నాను. డ్రైవరు వాచీ చూసుకున్నాడు, నన్ను చూశాడు, వెళ్లి వ్యాను అద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

నది దగ్గరికి చేరేసరికి ఎనిమిదిన్నర. దూరం నుంచే దుమ్ము కనిపించింది. పాతిక వ్యాన్లున్నాయి. అందరూ నవ్వుతున్నారు, కెమెరాలు సర్దుకుంటున్నారు. అవతలి ఒడ్డున తడిసిన జంతువులు గట్టెక్కి ఒళ్లు దులుపుకుంటున్నాయి. నీళ్లలో ఒక్కటి కూడా లేదు. పక్క వ్యాను డ్రైవరు మా డ్రైవరుతో ఏదో అన్నాడు.

"పది నిమిషాల కిందట అయిపోయిందట" అని మా డ్రైవరు ఇంగ్లీషులో చెప్పాడు.

టీచర్ గారు ఒక్క మాట అని ఉంటే నాకు తేలికయ్యేది. ఆవిడ అవతలి ఒడ్డు వైపు చూస్తూ కూర్చుంది, అంతే. ఆ రోజంతా సింహాలు కనిపించాయి, చిరుతపులి కనిపించింది, ఏనుగు మా వ్యానుకు మూరెడు దూరంలో నడిచి వెళ్లింది. నాకు వుడ్‌ల్యాండ్స్ కౌంటర్ ఒక్కటే కనిపించింది.

సాయంత్రం భోజనాల టెంటులో టీచర్ గారు ఉన్నట్టుండి అంకుల్ వైపు చెయ్యి చాపింది. "సార్, మీ ఫోను ఒకపారి ఇట్లియ్యండి." అద్దాలు పైకి తోసి చూసింది. తరువాత ఫోను ఆయన ముందే పెట్టింది.

"ఈ పంచాంగం పైన ఊరి పేరు ఏమని ఉండాదో చదవండి."

అంకుల్ కళ్లు చిట్లించాడు. "సింగపూర్" అన్నాడు.

టీచర్ గారు పళ్లబుట్టలోంచి ఒక కమలాపండు తీసి, చాకు మొనతో దాని మీద రెండు గీతలు పెట్టింది. "ఇది సింగపూర్. ఇది మనం ఇప్పుడుండే చోటు. పదైదు డిగ్రీలకు ఒక గంట, ఆరో క్లాసు పాఠం. అక్కడికి ఇక్కడికి గడియారంలో ఐదు గంటలు తేడా. సింగపూర్‌లో అయిదు నలభై అంటే ఈడ అర్ధరాత్రి దాటి నలభై నిమిషాలు. మీ వర్జ్యం మనం గుర్రుపెట్టి నిద్రపోతాండగానే వచ్చింది, పోయింది. పొద్దున మనం కూసున్నది ఎవురి వర్జ్యానికి సార్?"

ఐటీ వాళ్లమ్మాయి టేబుల్ కింద తల పెట్టి నవ్వింది. అంకుల్ ముఖం వాడిపోయింది. "తప్పైంది టీచరమ్మా. నాతోని అందరికీ నష్టమాయె" అన్నాడు. పెద్దమనిషి, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

తప్పు ఆయనొక్కడిదేనా? ఐదు గంటల తేడా నాకు తెలియదా? పదకొండేళ్లుగా ఆ రూటులో టైములు మార్చి మార్చి రాసింది నేనే. వర్జ్యం అన్న మాట వినగానే నా బుర్ర తలుపులు మూసుకుంది. పిల్లలూ, మన చదువూ అనుభవమూ ఇలాంటి చోటే ఎటో వెళ్లిపోతాయి, చూసుకోండి.

అంకుల్ భార్య మాత్రం ఏడుస్తూ కూర్చోలేదు. నన్ను పక్కకు పిలిచింది. "రేపు వ్యాన్లల్ల అందరూ ఎన్నిటికి వాపసు వస్తరు బిడ్డా?"

"పన్నెండుకు. క్యాంపులో లంచ్ రెండింటి వరకే ఉంటుంది కదా ఆంటీ. ప్యాక్ చేసి ఇస్తారు గానీ, రొట్టె, గుడ్డు, కోడి కాలు. మనవాళ్లు సగం మంది తినరు."

"పొద్దుగాల నాలుగ్గంటలకు వంటాయనకు చెప్పి ఉత్త అన్నం వండియ్యి. మిగిలింది నేను చూసుకుంట."

నాలుగింటికి వంటశాల టెంటులో ఆవిడ అన్నం ఆరబెట్టి, స్టీలు డబ్బాలోంచి పులిహోర గుజ్జు వేసి కలుపుతుంటే వంటవాళ్లు ముగ్గురూ చేతులు కట్టుకుని చూశారు. ఆరింటికి గేటు తీసేసరికి మా వ్యాను మొదటిది. అంకుల్ అందరికంటే ముందు ఎక్కి కూర్చుని, ఫోను ఆఫ్ చేసి సంచిలో అడుగున పెట్టేశాడు.

ఏడుంపావుకే నది దగ్గరున్నాం. ఈసారి మంద అవతల కాదు, మా ఒడ్డునే ఉంది. చూపు ఆనినంత మేర నల్లటి వీపులు. ఒడ్డుకు దూరంగా వ్యాన్లు ఆపి నిశ్శబ్దంగా ఉండాలని నియమం. ఎనిమిదిన్నరకు మంద అంచు దాకా వచ్చింది. ముందున్నది మెడ చాచి నీళ్లను వాసన చూసింది. వెనక్కి తిరిగింది. వేలకు వేలు దాంతో పాటే వెనక్కి. పదింటికి మళ్లీ వచ్చాయి, మళ్లీ తిరిగాయి. పదకొండున్నరకు ఇంకోసారి. ఎండ మండుతోంది. ఒక్కో వ్యానూ ఇంజను స్టార్ట్ చేసి వెళ్లిపోవడం మొదలైంది. పన్నెండున్నరకు, నిన్నటిలాగే వచ్చిన పాతిక వ్యాన్లలో నాలుగు మిగిలాయి.

డ్రైవరు నా వైపు తిరిగాడు. "వెళ్దామా? ఇవాళ దాటకపోవచ్చు."

నేను జవాబు చెప్పేలోపే వెనక సీట్లో డబ్బా మూత తెరుచుకుంది. ఇంగువ, పచ్చిమిరప, వేరుశెనగలు. "ఎక్కడికి పోయేది? తిన్నంక మాట్లాడుదాం" అంది అంకుల్ భార్య. అందరికీ స్టీలు పళ్లేల్లో పెట్టింది. డ్రైవరుకూ పెట్టింది. ఆయన మొదట వేళ్లతో అనుమానంగా నాలుగు మెతుకులు తీసుకున్నాడు. తరువాత రెండోసారి అడిగాడు. మూడోసారి అడిగినప్పుడు ఇంజను తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

అప్పుడు చూశాను, టీచర్ గారి స్టీలు బాటిల్. పొద్దున నింపిన నీళ్లు నింపినట్టే ఉన్నాయి.

"నీళ్లు తాగలేదేమండీ?"

"తాగితే దిగల్ల. ఈడ దిగేకి లేదు. మోకాళ్లతో ఆ పొదల్లోకి నేను పోలేను. నువ్వు ఊరకుండు."

ఆరు గంటలుగా ఆ ఎండలో గొంతు తడుపుకోకుండా కూర్చుంది, నేను రాసిన ఒక్క మాట కోసం. ఇంక నావల్ల కాలేదు.

"టీచర్ గారూ, తప్పక అని రాయడం నా తప్పు. ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. ఆ రోజు మీ ఇంటికి వచ్చింది ఇది చెప్పడానికే. చెప్పలేకపోయాను. క్షమించండి."

ఆవిడ నది మీంచి చూపు తిప్పలేదు. "జీవాలు టైంటేబుల్ చూసి ఏరు దాటవని నాకు తెలీదా? సోషల్ టీచర్‌ని. నువ్వు ఎప్పుడు చెప్తావా అని చూస్తాండా."

"మరి తెలిసి కూడా ఎందుకు వచ్చారు?"

"అవకాశం ఉండాదని రాసేటోళ్లు పన్నెండింటికి బువ్వకు పోతారు. తప్పక అని రాసిన మనిషి కూసుంటుంది అనుకున్నా. కూసున్నావా లేదా?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బాటిల్ మూత తీసి ఇచ్చాను. "తాగండి. పొద దాకా నేను ఎత్తుకెళ్తాను" అన్నాను. రెండు గుక్కలు తాగింది.

రెండున్నర దాటింది. ఐటీ వాళ్లమ్మాయి పైకప్పు తెరిచిన చోట నిలబడి చూస్తోంది. "ఆంటీ," అంది మెల్లగా. "ఆంటీ! గోయింగ్, గోయింగ్!"

ముందున్న ఒక ముసలి జంతువు గట్టు అంచున మోకాళ్లు వంచింది. దూకింది.

ఆ తర్వాత నేలే కదిలింది. వందలు, ఆపైన వేలు, గట్టు విరిగి పడ్డట్టు నీళ్లలోకి దిగుతూనే ఉన్నాయి. దుమ్ము మా మీదికి వచ్చింది. అరుపులు, నీళ్ల చప్పుడు, గిట్టల మోత. డ్రైవరు వ్యానును ఒడ్డుకు ఉరికించాడు. కూర్చుంటే టీచర్ గారికి ఏమీ కనబడదు. అంకుల్ చెప్పులు విప్పి సీటు మీదికి ఎక్కి, "నా భుజం పట్టుకో టీచరమ్మా" అంటూ చెయ్యి ఇచ్చాడు. ఇటు నేను, అటు ఆయన, ఆవిడను సీటు మీద నిలబెట్టాం. ఆ మోకాళ్లు వణుకుతున్నాయి. ఆవిడకు ఆ స్పృహే లేదు.

"పోతాండాయి! చూడండి, పోతాండాయి!" అని క్లాసులో అరిచినట్టు అరిచింది. "ఆ పిల్లదాన్ని చూడు, అమ్మ వెనకాలే పోతాంది. పో, పో తల్లీ!" ఒక మొసలి నీళ్ల మీద గీత గీసుకుంటూ వచ్చింది. దూడ మునిగింది. నాలుగు బారల అవతల దూడ తల తేలింది, గట్టెక్కింది. అంకుల్ భార్య చప్పట్లు కొట్టింది.

ముప్పావు గంట. లెక్కలేనన్ని. చివరివి కూడా అవతల గట్టెక్కాక డ్రైవరు, ఎవరూ అడక్కుండానే మాట్లాడాడు. "ఇవి పోయిన వారం అటు నుంచి వచ్చినవే. మొన్న అవతల వాన పడింది. అందుకే తిరిగి వెళ్తున్నాయి."

టీచర్ గారు ఆయన వైపు తిరిగింది. "తిరిగి?" అని ఇంగ్లీషులో అడిగింది. "వచ్చినవే తిరిగి వెళ్తున్నాయా?"

"అవును. ఎప్పుడూ తిరిగి వెళ్తాయి."

ఆవిడ మెల్లగా సీట్లో కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది, దుమ్మూ కన్నీళ్లూ కలిసి చీర ఎర్రగా అయింది. "నేను అబద్ధం చెప్పలేదు" అంది నాతో. "ఆ పాపకు నేను అబద్ధం చెప్పలేదమ్మా." ఆవిడను గట్టిగా పట్టుకుని నేనూ ఏడ్చేశాను. జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ ఏడవలేదు.

క్యాంపుకు వచ్చాక అంకుల్ సంచి అడుగునుంచి ఫోను తీశాడు. ఊరి పేరు మార్చి చూసుకున్నాడు. కాసేపటికి నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "బిడ్డా, రెండింటి నుంచి మూడున్నర దాంక నడి వర్జ్యమే. అవి గా వర్జ్యంలనే దుంకినయ్. ఈ ముచ్చట మా చుట్టాల్లో ఎవ్వరికి చెప్పకు." ఇన్నేళ్లు చెప్పలేదు. పేరు రాయడం లేదు కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

మేము సింగపూర్‌కు తిరిగి వచ్చిన మూడో రోజు టీచర్ గారు మా ఆఫీసుకు వచ్చింది. బాస్ లేచి నిలబడింది, కంప్లైంట్ అనుకుని. టీచర్ గారు ఆ నలభై అయిదు నిమిషాలనూ నిలబడే చెప్పింది, చేతులతో నదిని గీస్తూ, జపాన్ బల్ల వాళ్లూ కొరియా బల్ల వాళ్లూ పని ఆపి వింటుండగా. అయిపోయాక బాస్ నా వైపు తిరిగి ఒక్కటే అడిగింది. "నెక్స్ట్ ఇయర్ ఎన్ని వ్యాన్లు?"

మరుసటి ఏడు మూడు వ్యాన్లు వెళ్లాయి, మూడింటిలోనూ పులిహోర. మూడేళ్ల తర్వాత నేను రిటైరైనప్పుడు నా బల్ల ఫొటోకాపీ మిషను పక్కన లేదు, కిటికీ పక్కన ఉంది. చెక్క జిరాఫీని కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చేశాను. ఒక కాగితం మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను.

ఆఫీసుకు వచ్చి నది కథ చెప్పిన ఆ రోజు, వెళ్లేముందు టీచర్ గారు తన పాంఫ్లెట్ నా చేతిలో పెట్టింది. ఎర్ర పెన్నుతో దిద్ది ఉంది. చివరి వాక్యంలో "తప్పక" కొట్టేసి, పైన "కూర్చుంటే" అని రాసింది. పక్కన చిన్న మ్యాపు, అందులో ఈసారి రెండు బాణాలు, ఒకటి పోయేది, ఒకటి వచ్చేది. కింద గుండ్రంగా చుట్టి, పదికి తొమ్మిది.

"ఆ ఒక్క మార్కు తగ్గించింది 'తప్పక' అన్నందుకా టీచర్ గారూ?" అని అడిగాను.

"దానికి కాదు. సింగపూర్ వర్జ్యానికి" అంది. "సార్‌కు తెలీదు, పాపం. నీకు ఐదు గంటల తేడా తెలిసి గూడా నోరు మూసుకున్నావు."

అన్యాయం అనడానికి లేదు. తెనాలి నుంచి సింగపూర్ దాకా ఎన్నో పరీక్షలు రాశాను, పదికి తొమ్మిది నాకు ఎక్కడా రాలేదు. దాన్ని ఫ్రేము కట్టించి, వచ్చినవాళ్లందరికీ కనబడేలా గుమ్మం ఎదురుగా పెట్టుకున్నాను.